వీపున మోసుకొచ్చిన పుస్తకం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా గుంటూరులో ఒక విశ్రాంత లెక్కల టీచర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అధ్యక్షులవారికీ, గ్రంథాలయం సిబ్బందికీ, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

వస్తూ వస్తూ దారిలో స్వెటర్ల కొట్ల దగ్గర కాసేపు ఆగాను. ఏటా దీపావళి వెళ్ళగానే అక్కడ రేకుల షెడ్లు లేస్తాయి. "నేపాలీవాళ్ళు దిగారు, ఇంక చలికాలం వచ్చినట్టే" అనుకుంటాం. మా ఇంట్లోనూ చిన్నప్పటి నుంచీ అదే మాట. వాళ్ళు నేపాలీలు కారండీ. టిబెట్ వాళ్ళు. అందులో చాలామంది కర్ణాటకలో పుట్టి, కన్నడం గడగడా మాట్లాడేవాళ్ళు. అమ్మే సరుకు కూడా హిమాలయాల్లో అల్లింది కాదు, లూధియానా నుంచి వచ్చింది. సీజన్ మొదట్లో అక్కడి వ్యాపారులు సరుకు అప్పు మీద ఇస్తారు. సంక్రాంతి వెళ్ళాక వీళ్ళు లెక్క చూసుకుని బాకీ తీరుస్తారు. తన పేరున సెంటు భూమి లేని మనిషికి మాట మీద అంత సరుకు ఇస్తున్నారంటే, ఆ నమ్మకం ఒక్క రోజులో వచ్చింది కాదు.

నేను మైసూరు జిల్లా బైలకుప్పెలో, టిబెటన్ పిల్లల బడిలో పదకొండేళ్ళు లెక్కలు చెప్పాను. ఆ పిల్లలు నన్ను "గెన్‌లా" అనేవాళ్ళు. గెన్ అంటే గురువు, లా అంటే మన గారు. టీచరుగారూ అన్నమాట. పుస్తకాల వారం కదా, ఒక పుస్తకం సంగతి చెబుతానని ఒప్పుకుని వచ్చాను. అది చెప్పాలంటే దాన్ని మోసుకొచ్చిన వాళ్ళ సంగతి ముందు చెప్పాలి.

వలస వచ్చిన దిక్కులేని వాళ్ళకి మన తెలుగు పత్రికలు రెండు మాటలు వాడతాయి. ఒకటి కాందిశీకులు. సంస్కృతంలో "కాం దిశం" అంటే "ఏ దిక్కుకి" అని. ఏ దిక్కుకి పోను, ఏ దిక్కుకి పోను అంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడని పండితులు వ్యుత్పత్తి చెబుతారు. రెండోది శరణార్థి. మొదటి మాటలో మనిషి ఇంకా పరుగెత్తుతున్నాడు. రెండో మాటలో ఎవరిదో గుమ్మం ముందు నిలబడ్డాడు. ఈ శరణు అన్న మాట చూడండి. బుద్ధం శరణం గచ్ఛామి అన్నప్పుడు కూడా అదే శరణు. టిబెట్ వాళ్ళు పొద్దున్నే అనుకునేది అదే: "సంగ్యే లా క్యబ్సు ఛియో", బుద్ధుణ్ణి శరణు వేడుతున్నాను. ధర్మాన్ని, సంఘాన్ని కూడా. వాళ్ళ పద్ధతిలో ఈ మూడింటికంటే ముందు గురువుని శరణు వేడతారు. సొంత ఇంట్లో, సొంత పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడూ వాళ్ళు శరణార్థులే. దేశం పోయిన తర్వాత ఆ మాటకి రెండో అర్థం వచ్చి కలిసింది. నాకు అర్థమైనంతలో, రెండో అర్థాన్ని వాళ్ళు తట్టుకోగలిగింది మొదటి అర్థం నోట్లో ఉండబట్టే.

చరిత్ర కొంచెం చెప్పుకుందాం. 1959 మార్చిలో టిబెట్ రాజధాని లాసాలో చైనా సైన్యం మీద జనం తిరగబడ్డారు. మార్చి 17 రాత్రి దలైలామా మామూలు సిపాయి వేషంలో నోర్బులింకా ప్యాలెస్ దాటి బయటపడ్డారు. అప్పటికి ఆయనకి ఇరవై మూడేళ్ళు. రెండు వారాలు కొండలు దాటి మార్చి 31న మన సరిహద్దులో, ఇవాళ్టి అరుణాచల్ ప్రదేశ్‌లో అడుగుపెట్టారు. ఆయన వెనక దాదాపు 80,000 మంది వచ్చారు. గృహస్థుల్ని ఎక్కువగా అస్సాంలోని మిస్సమారికి, సన్యాసుల్ని బెంగాల్లోని బక్సాకి పంపారు. బక్సా పూర్వం తెల్లవాళ్ళు స్వాతంత్ర్య యోధుల్ని బంధించిన కోట. లాసా పన్నెండు వేల అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి వచ్చినవాళ్ళు ఉన్ని బట్టలతో అస్సాం ఎండాకాలంలో వెదురు షెడ్లలో పడుకున్నారు. క్షయ పట్టుకుంది. రాసి పెట్టుకునే ఓపిక కూడా లేనంతమంది పోయారు. మిగిలినవాళ్ళని కొండల్లో రోడ్ల పనికి పంపారు. తల్లులు కంకర కొడుతుంటే పిల్లలు రోడ్డు పక్కన పడుకునేవాళ్ళు.

ఇందులో ఒక మనిషి నాకు తెలుసు. పేరు చెప్పను, మోలా అంటాను. మోలా అంటే అమ్మమ్మగారు.

ఆవిడతో నా పరిచయం నేను చేసిన తప్పుతో మొదలైంది. బడిలో స్కాలర్‌షిప్పు ఫారాలు నింపుతున్నాం. "స్వస్థలం" అన్న గడిలో ఏడో తరగతి పిల్లాడొకడు టిబెట్‌లో ఏదో పల్లె పేరు రాశాడు. వాడు పుట్టింది మైసూరులో. వాళ్ళ నాన్న పుట్టింది బైలకుప్పెలో. నేను ఎర్ర సిరాతో ఆ ఊరిపేరు కొట్టేసి "బైలకుప్పె" అని దిద్దాను. లెక్కల టీచర్ని, తప్పు కనిపిస్తే చెయ్యి ఆగదు. మర్నాడు వాళ్ళ నాయనమ్మ బడికి వచ్చింది. చుబా అనే ముదురు రంగు పొడుగు గౌను, దాని మీద పాంగ్డెన్ అనే అడ్డచారల ముందుగుడ్డ కట్టుకుంది, చేతిలో నూట ఎనిమిది పూసల మాల. చేతిగుడ్డలో రొట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. రోడ్ల పని రోజుల్లో నేర్చుకున్న హిందీలో, "గెన్‌లా, ఆ ఊరు మళ్ళీ రాయి. నేను పోతే దాని పేరు తెలిసినవాడు వీడొక్కడే" అంది. కోపంగా అనలేదు. కొత్త ఫారం తెప్పించి రాయించాను.

ఆ తర్వాత ఆదివారాలు వాళ్ళ ఇంటికి వెళ్ళేదాన్ని. అక్కడ ఊళ్ళకి పేర్లు తక్కువ, ఒకటో క్యాంపు, రెండో క్యాంపు అంటారు. 1959లో మోలాకి పంతొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న ఒక పేలపిండి సంచీ, ఒక పుస్తకం వీపున కట్టుకుని బయల్దేరాడట. మన తొలి ఏకాదశి పేలపిండి లాంటిదే వాళ్ళ త్సాంపా. బార్లీ వేయించి విసిరిన పిండి. టిబెట్ వాళ్ళు తమని తాము "త్సాంపా తినేవాళ్ళం" అని చెప్పుకుంటారు. పుస్తకం అంటే మనం అట్టవేసి కుట్టే పుస్తకం కాదు. పెచా అంటారు. తాటాకు గ్రంథం చూశారుగా, ఆ ఆకారమే, కాగితంతో చేసింది. విడి ఆకుల కింద ఒక చెక్క, పైన ఒక చెక్క పెట్టి పసుప్పచ్చ గుడ్డలో చుడతారు. నేల మీద పెట్టరు, దాటరు. కాలు తగిలితే మనలాగే కళ్ళకద్దుకుంటారు. దారిలో వెండి తాయెత్తు డబ్బా బియ్యానికి పోయింది. కంబళి పోయింది. వాళ్ళ తమ్ముడు పోయాడు. పెచా మాత్రం మిస్సమారి చేరింది. నాన్నకి చదువు రాదండీ. ఒక్క అక్షరం రాదు. చదవలేని పుస్తకం ఎందుకు మోశాడని అడిగాను. "ఇంట్లో అన్నిటికంటే పెద్దది అదే కదా" అంది మోలా. బిడ్డనో ముసలివాళ్ళనో ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడన్నమాట.

1960 చివర్లో అప్పటి మైసూరు రాష్ట్ర ప్రభుత్వం బైలకుప్పె దగ్గర సుమారు 3,000 ఎకరాల అడవిని వాళ్ళ నివాసానికి ఇచ్చింది. దానం కాదు, లీజు. మొదట వచ్చిన కొన్ని వందలమంది డేరాల్లో ఉండి చెట్లు కొట్టారు. రాత్రుళ్ళు ఏనుగులు వచ్చేవి. జన్మలో ఏనుగుని చూడనివాళ్ళు. డప్పులు కొట్టి తోలేవాళ్ళమని మోలా చెప్పేది. మొక్కజొన్న వేశారు, తివాచీలు నేశారు. ఇల్లు లేవక ముందే దీపాలు పెట్టుకునే చోటు చూసుకున్నారు. ఇవాళ కూర్గు వెళ్ళే మనవాళ్ళు ఆగి ఫొటోలు దిగే బంగారు గుడి ఉందే, నాంద్రోలింగ్ మఠం, 1963లో అది వెదురుతో కట్టిన గుడి. బక్సాలో బతికి బయటపడ్డ సన్యాసులు 1970 ప్రాంతంలో ఇక్కడికీ, కర్ణాటకలోనే ఉన్న ముండగోడుకీ వచ్చారు. పగలు పొలం పని, సాయంత్రం తర్కం. లాసా దగ్గరి సెరా మఠం పేరుతోనే బైలకుప్పెలో సెరా మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ కొన్ని వేలమంది చదువుకుంటున్నారు.

బడుల సంగతీ అంతే. రోడ్ల పక్కన పిల్లలు చచ్చిపోతుంటే దలైలామా అక్కగారు 1960లో ధర్మశాలలో యాభై ఒక్కమంది పిల్లలతో ఒక ఆశ్రయం పెట్టారు. అదే తర్వాత టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అయింది. నెహ్రూ ప్రభుత్వం టిబెటన్ పిల్లల్ని మామూలు బడుల్లో కలిపెయ్యకుండా, వాళ్ళ భాష బతికే వేరే బడులకి 1961లో ఒక సంస్థ ఏర్పాటు చేసింది. నెహ్రూ టిబెట్ విషయంలో చేసినవాటి మీద ఎన్ని వాదనలైనా ఉండవచ్చు. ఈ ఒక్క నిర్ణయానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. తిండి పెట్టడం చాలామంది చేస్తారు. వచ్చినవాళ్ళు వాళ్ళలాగే మిగలడానికి జాగా ఇవ్వడం అరుదు.

ఆ బడిలో హాజరు పట్టీ చదవడమే నాకు ఒక పాఠం. న్యీమా అంటే సూర్యుడు, ఆదివారం కూడా అదే. దావా అంటే చంద్రుడు, సోమవారం. ల్హక్పా బుధవారం, పసాంగ్ శుక్రవారం. పుట్టిన వారం పేరే పిల్లకి పెడతారు. మన సోమయ్య లాగే. ఇంటిపేరు ఉండదు. మన ఫారాల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ఒప్పుకోదు, ఒకే పేరున్న పిల్లలు ఒక్క తరగతిలో నలుగురు. రిజల్ట్సు కలిసిపోయి ఒక అమ్మాయి మార్కులు ఇంకో అమ్మాయికి పడ్డాయి. సరిచేయించడానికి ఒక ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాం.

సరే, అసలు పుస్తకం దగ్గరికి వస్తాను.

ఒకరోజు సెరా నుంచి వృద్ధ సన్యాసి ఒకాయన బడికి వచ్చారు. మీదే ఊరమ్మా అని అడిగితే ఆంధ్రా, గుంటూరు అన్నాను. ఆయనకి తెలియలేదు. అమరావతి దగ్గర, కృష్ణ ఒడ్డున అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. "ధాన్యకటకమా?" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. మన అమరావతి పాత పేరు, మనలో సగంమంది ఎప్పుడూ పలకని పేరు, ఆయన నోట స్పష్టంగా వచ్చింది. బుద్ధుడు కాలచక్ర అనే తాంత్రిక బోధ చేసింది ధాన్యకటకంలోనని వాళ్ళ సంప్రదాయం. తర్వాత ఆయన కళ్ళు మూసుకుని ఏదో శ్లోకంలాగా చదివారు. ఏమిటని అడిగితే, నాగార్జునుడు శాతవాహన రాజుకి రాసిన ఉత్తరం అన్నారు.

సుహృల్లేఖ. మిత్రుడికి రాసిన ఉత్తరం. మన నాగార్జునుడు, మన శాతవాహనుడు. రాజుగా ఎలా ఉండాలి, మనిషిగా ఎలా ఉండాలి అని పద్యాల్లో చెప్పిన హితవు. ఏడో శతాబ్దంలో మన దేశం తిరిగిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి పిల్లలు చదువు మొదట్లో దీన్ని కంఠస్థం చేస్తారని రాశాడు. ఆ సంస్కృత మూలం ఇవాళ లేదు. పోయింది. మన దగ్గర ఒక్క ప్రతి మిగల్లేదు. చైనా భాషలోకీ, టిబెటన్లోకీ ఎప్పుడో వెళ్ళిన అనువాదాలు ఉండబట్టి దక్కింది.

ఏడో శతాబ్దంలో టిబెట్‌కి లిపే మన దేశపు లిపిని చూసి తయారైంది. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళపాటు మన పండితులూ వాళ్ళ అనువాదకులూ పక్కపక్కన కూర్చుని పని చేశారు. బుద్ధుడి మాటలుగా భావించేవి కంగ్యూర్, వందకు పైగా సంపుటాలు. ఆచార్యుల శాస్త్రాలు తెంగ్యూర్, రెండు వందలకు పైగా సంపుటాలు. ఆ రెండోదాంట్లో అధిక భాగం భారతీయులు రాసినవే. ఎన్నో గ్రంథాల సంస్కృతం ఇక్కడ అంతరించిపోయింది. అంటే, మోలా నాన్నలాంటి వాళ్ళు కొండలు దాటుతూ వీపున మోసింది వాళ్ళ పుస్తకాలే కాదు. మనం పోగొట్టుకున్నవి మనకి తిరిగి మోసుకొచ్చారు. టిబెట్‌లో వేల మఠాలు కూలిపోయాయి, గ్రంథాలు తగలబడ్డాయి. తెచ్చినవి దక్కాయి. సారనాథ్‌లో 1967లో పెట్టిన టిబెటన్ విద్యాసంస్థలో పోయిన సంస్కృత గ్రంథాల్ని టిబెటన్ నుంచి తిరిగి సంస్కృతంలోకి కడుతున్నారు.

ఆ సాయంత్రం నాకు నిద్రపట్టలేదు. అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌లో ఉన్నాయి, చెన్నైలో ఉన్నాయి. మాటలేమో టిబెట్ మీదుగా కర్ణాటక వచ్చాయి. ఊళ్ళో మిగిలింది మట్టి దిబ్బ. అక్కడికి గంట దూరంలో పుట్టి పెరిగిన నాకు, ఆ ఉత్తరం ఉందని చెప్పడానికి ఒక శరణార్థి కావలసివచ్చింది.

2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర జరిపారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, లక్షమందికి పైగా వచ్చారు. ఊరు పట్టలేదు. మోలా, వాళ్ళ క్యాంపు వాళ్ళతో నేనూ వచ్చాను. మా పుట్టింట్లో ఆరుగురు దిగారు. మా అమ్మ పులిహోర చేసి పెడితే పులుపు తినలేక ఇబ్బంది పడుతూనే, ఆకులో ఒక్క మెతుకు మిగల్చలేదు. ఆవిడని "ఆమాలా" అని పిలిచారు. "ఇదేంటే, నన్ను అమ్మా అంటున్నారు" అని మా అమ్మ ఆశ్చర్యపోయింది. వాళ్ళ భాషలోనూ అమ్మ ఆమానే అని చెప్పాను. మర్నాడు స్తూపం దగ్గర మోలా సాష్టాంగపడి, లేచి, దిబ్బ అంచు నుంచి గుప్పెడు మట్టి తీసి చేతిగుడ్డలో మూట కట్టుకుంది. నేను పుట్టిన నేల మీద ఆవిడ నాకంటే ఇంట్లో మనిషిలా నడిచింది.

ఇదంతా విని వీళ్ళ జీవితం భక్తితో తృప్తిగా సాగుతోందని మాత్రం అనుకోకండి. మన దేశం శరణార్థుల అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం చెయ్యలేదు. చట్టం దృష్టిలో వాళ్ళు విదేశీయులు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి. భూమి కొనడం కష్టం, ప్రభుత్వోద్యోగం రాదు. నా దగ్గర నూటికి నూరు తెచ్చుకున్న పిల్లలు బెంగుళూరు హోటళ్ళలో పనికి వెళ్ళడం చూశాను. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఇక్కడ పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులని చట్టం చెబుతోంది. 2010లో ఢిల్లీ హైకోర్టు అది టిబెటన్లకీ వర్తిస్తుందని ఒక అమ్మాయి కేసులో తీర్పిచ్చింది. అయినా చాలామంది తీసుకోలేదు. ఒక ఇంట్లో ఈ వాదన నేను కళ్ళారా చూశాను. కూతురికి పాస్‌పోర్టు కావాలి. "ఆ కాగితం తీసుకున్న రోజున మేం తిరిగి వెళ్ళబోమని ఒప్పుకున్నట్టే" అంటాడు తండ్రి. "తిరిగి వెళ్ళడానికి నేను ఎప్పుడు వచ్చాను నాన్నా, నేను ఇక్కడే పుట్టాను" అంటుంది కూతురు. ఇద్దరూ నా వైపు చూశారు. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

టిబెటన్ అంటే బౌద్ధుడే అని కూడా అనుకోకూడదు. లాసాలో ముస్లింలు ఉండేవాళ్ళు. పూర్వీకులు కాశ్మీరు వాళ్ళన్న ఆధారంతో 1960లో బయటపడి శ్రీనగర్ చేరారు. టిబెటన్ మాట్లాడతారు, అయిదు పూటలా నమాజు చేస్తారు. బుద్ధుడికంటే ముందు నుంచీ ఆ నేలమీద ఉన్నామనే బోన్ మతం వాళ్ళున్నారు. మతం ఒక్కటే వాళ్ళని కలిపి ఉంచిందనడం తప్పు. భాష కలిపింది, తిండి కలిపింది. 2008లో టిబెట్‌లో గొడవల తర్వాత బుధవారం బుధవారం సొంత బట్టలు కట్టుకుని సొంత భాషే మాట్లాడాలని ఒక నియమం పెట్టుకున్నారు, ల్హకార్ అని. మా బడి పిల్లలు పట్టుదలగా పాటించేవాళ్ళని తర్వాత విన్నాను. నేను 2009లోనే వచ్చేశాను.

పరాయిచోట పడిన మతం గడ్డకట్టిపోతుందని అంటారు. నేను చూసింది వేరు. టిబెట్‌లో ఆడవాళ్ళకి ఎప్పుడూ అందని పెద్ద చదువు గెషే. దాదాపు ఇరవై ఏళ్ళ తర్కం, శాస్త్రం. 2016 డిసెంబరులో ముండగోడులో 20 మంది సన్యాసినులు ఆ పట్టా అందుకున్నారు. గెషేమా అంటారు. ఆ వార్త చదివి గట్టిగా ఏడ్చేశాను. అక్షరం రాని తండ్రి మోసిన పుస్తకం మీద కూతుళ్ళ తరం వాళ్ళు పరీక్ష రాసి నెగ్గారు. దేశం పోకపోతే ఇది జరిగేదో లేదో నేను చెప్పలేను.

ఇప్పుడు క్యాంపుల్లో ఇళ్ళకి తాళాలు కనిపిస్తున్నాయి. 2008కి ముందు ఏటా రెండు మూడు వేలమంది టిబెట్ నుంచి దాటి వచ్చేవాళ్ళు. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడున్న పిల్లలు టొరంటోకి, న్యూయార్క్‌కి, స్విట్జర్లాండ్‌కి వెళ్ళిపోతున్నారు. మనవాళ్ళ పిల్లలూ వెళ్తున్నారు, అక్కడ తెలుగు బడులు పెట్టుకుంటున్నారు, నాకు సంతోషమే. కానీ మన పిల్లాడు తెలుగు మర్చిపోతే గుంటూరులో ఇంకా ఉంటుంది. వాళ్ళకి అలా కాదు. మఠాల్లో కొత్తగా చేరే పిల్లలు ఎక్కువగా లడఖ్, అరుణాచల్, నేపాల్ కొండల నుంచి వస్తున్నారు. దలైలామాకి 2025 జూలైలో తొంభై ఏళ్ళు నిండాయి. తన తర్వాత కూడా ఆ పీఠం ఉంటుందని, ఎంపిక తన ట్రస్టుదేనని అప్పుడే ప్రకటించారు. చైనా ఒప్పుకోవడం లేదు. స్వెటర్ల కొట్లో ఇందాక నేను మాట్లాడిన అమ్మాయి ఫోన్లో ఆ ప్రకటన దాచుకుంది.

మోలా 2014లో పోయింది. కబురు తెలిసి నలభై తొమ్మిదో రోజుకి బైలకుప్పె వెళ్ళాను. పోయినవాళ్ళు మరో జన్మ ఎత్తడానికి పట్టే గడువు అదని వాళ్ళ నమ్మకం. దహనం తర్వాత బూడిద మట్టిలో కలిపి, చిన్న అచ్చులో నొక్కి, బొటనవేలంత స్తూపాలు చేస్తారు. త్సా-త్సా అంటారు. ఆ ఫారం పిల్లాడే, ఇప్పుడు పెద్దవాడు, అరుగు మీద కూర్చుని చేస్తున్నాడు. పక్కన చేతిగుడ్డ మూట విప్పి ఉంది. గుర్తుపట్టాను. మన అమరావతి మట్టి ఎనిమిదేళ్ళు పూజగదిలో పెచా పక్కన పెట్టుకుందట. చివరికి తన బూడిదలో కలపమని చెప్పిందట.

వాడు నాకూ ఒక అచ్చు ఇచ్చాడు. సాయంత్రం దాకా ఇద్దరం చేశాం. ఇరవై ఏడు అయ్యాయి. ఆరాక తీసుకెళ్ళి క్యాంపు చివర రాతి గూట్లో, ఉత్తరం వైపు తిరిగి ఉన్న అరలో వరసగా పెట్టాడు.